నూట నలభై మూడు తప్పులు

"ఇంట్లో పెగ్గు దొరికిందట!" అంటూ నానమ్మ వంటింట్లోకి వచ్చి చెప్పేసరికి, కోడలు పాలగిన్నె స్టవ్ మీదే వదిలేసి వెనక్కి తిరిగింది.

సోమవారం ఉదయం ఏడు గంటలు. ఇంటి యజమాని పెరటి అద్దం ముందు నిలబడి సగం గడ్డం గీసుకున్నారు. తక్కిన సగం నురగలో ఉంది.

"ఎక్కడ దొరికింది అత్తయ్యా?"

"పిల్ల గదిలో. 'పెగ్గు దొరికింది, పెగ్గు దొరికింది' అని అదే అరిచింది. రెండుసార్లు అరిచిందంటే రెండు పెగ్గులేమో, నాకేం తెలుసు!"

ఇల్లాలు స్టవ్ కట్టేసింది. ఆవిడ ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. కోపం వస్తే సూది, కోపం తగ్గితే దారం. పెరట్లోకి వెళ్లేటప్పటికి పూర్తిగా సూదిగానే ఉంది.

"ఏమండీ! ఇరవై ఐదేళ్ల కాపురంలో ఈ ముచ్చట కూడా తీర్చేశారన్నమాట."

"ఏ ముచ్చట?"

"పెగ్గు ముచ్చట!"

"నేనా? తాగి బండి నడపకండర్రా అని రోజుకి పదిమందికి చెప్పే మనిషిని పట్టుకుని..."

"నడపకండని చెప్తారు. తాగొద్దని ఎప్పుడైనా చెప్పారా?"

ఆయన నురగ బుగ్గతో ఒట్టు వేయబోతుండగా కూతురు గదిలోంచి దూసుకొచ్చింది. జడ విప్పుకుని, ముడిలో పెన్సిలు గుచ్చుకుని, కళ్లు రెండూ దీపాల్లా వెలిగించుకుని వచ్చింది. చిన్నప్పుడు గుప్పెడంత ఉండేదని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. పంతొమ్మిదేళ్లు వచ్చినా పేరు మారలేదు, ఎగరడమూ మానలేదు.

"పెగ్గు కాదు నానమ్మా, బగ్గు! ప్రోగ్రాములో తప్పు! ఆ చిన్నపిల్ల గొడుగు కింద ఉన్నంతసేపూ అడుగు కదపట్లేదు. గొడుగు పక్కకి తీస్తేనే నడుస్తోంది. మూడు రోజుల్నుంచి వెతుకుతున్నా, ఇప్పుడు దొరికింది. నూట నలభై మూడోది!"

"ఎవరి పిల్లే పాపం?" అంది నానమ్మ.

"నా ఆటలో పిల్ల నానమ్మా. బొమ్మ."

ఇల్లాలు నవ్వేసి లోపలికి వెళ్లింది. నానమ్మ "ఆ మాట ముందే చెప్పొచ్చుగా" అని గొణిగి కుర్చీలో కూర్చుంది. పెగ్గు గొడవ అక్కడితో దిగిపోయింది. కానీ ఇంటి యజమాని చేతిలో రేజరు మాత్రం బుగ్గ మీదే ఆగిపోయింది.

నూట నలభై మూడు.

* * *

ఆయన్ని ఊళ్లో బ్రేకుల మాస్టారంటారు. డ్రైవింగ్ నేర్పుతారు. నేర్పే కారులో నేర్చుకునేవాళ్ల కాళ్ల దగ్గర ఒక బ్రేకు, మాస్టారి కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు. నేర్చుకునేవాళ్లకి తమ బ్రేకు తొక్కే అవకాశం చాలా అరుదుగా వస్తుంది, ఎందుకంటే అప్పటికే ఆయన తొక్కేసి ఉంటారు. కారు వెనక అద్దం మీద పెద్ద అక్షరాలతో రాయించారు: "ఇరవై రెండేళ్లుగా మా దగ్గర నేర్చుకున్న వారెవరూ టెస్టు తప్పలేదు."

దానికో పద్ధతుంది. నేర్చుకునే ప్రతి మనిషికీ ఒక కార్డు. పాఠంలో ఎన్నిసార్లు తప్పు చేస్తే ఆ కార్డు మీద అన్ని ఎర్ర టిక్కులు. ఒక వారంలో పదిహేను టిక్కులు దాటితే ఆ మనిషిని టెస్టుకి పంపరు. ఆఫీసుకి వెళ్లి తేదీ వెనక్కి జరిపించేస్తారు. కొందరికి తేదీ ఎన్నిసార్లు జరిగిందంటే, టెస్టుకంటే ముందు ముసలితనం వచ్చేలా ఉంది.

అలాంటి మనిషికి కూతురు నూట నలభై మూడు తప్పులు చేశానని ఎగిరి గంతేస్తుంటే ఎలా ఉంటుంది? గుండెలో హారన్ మోగింది.

పిచ్చుక చదివేది ఇంటరాక్టివ్ మీడియా డిజైన్. ఏడాది కోర్సు. ఇంటర్ అయ్యాక యాక్టివ్‌గా చదివేది కాబట్టి ఇంటరాక్టివ్ అంటారని నానమ్మ పక్కింటివాళ్లకి చెప్పుకుంటుంది. మొదటి నెలలో పిల్ల తెర మీద ఒక నీలం చదరం గీసి, బాణం మీట నొక్కితే అది కుడివైపుకి జరిగేలా చేసి, ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించింది. "జరిగింది" అన్నారు మాస్టారు, అంతకు మించి ఏమనాలో తెలియక. మూడో నెలలో ఆ చదరానికి బరువు నేర్పింది. అది నేలని దాటుకుని కిందికి పడిపోతూనే ఉండేది. నేలంటే ఏమిటో దానికి ఇంకా చెప్పలేదట. నాలుగో నెలలో ప్రోగ్రాము రాస్తూ "ఫంక్షన్‌ని పిలుస్తున్నా గానీ రావట్లేదమ్మా" అని తలపట్టుకుంటే, "ఫంక్షన్‌కి మనల్ని పిలవాలి గానీ ఫంక్షన్‌ని మనం పిలవడమేమిటే?" అంది వాళ్లమ్మ. ఆరో నెలకి లూపులు, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం, నేర్చుకుంది. ఆ లూపుల్లోనే లోపాలన్నీ ఉంటాయని మాస్టారికి అప్పుడే అనుమానం.

ఇప్పుడు పదకొండో నెల. పిల్ల సొంతంగా ఒక ఆట తయారు చేసింది. వీధిలో వాన పడుతుంటుంది. మనుషులు నడుస్తుంటారు. ఆడేవాళ్ల చేతిలో ఒకే ఒక్క గొడుగు. దాన్ని అటూ ఇటూ జరుపుతూ అందరినీ వీలైనంత తక్కువ తడిపి వీధి దాటించాలి. శుక్రవారం పెద్ద హాల్లో ఆ ఆటని బయటి పరీక్షకుల ముందు ఆడించి చూపాలి. క్లాసులో పద్దెనిమిది మంది. పైకోర్సులో సీట్లు పన్నెండే. శుక్రవారం నెగ్గితే రెండో ఏడాది, అసలు ఆటల ప్రోగ్రామింగ్. లేకపోతే ఇంతటితో ఆట కట్టు.

మాస్టారికి ఈ లెక్కంతా తెలుసు. ఇంకో సంగతి ఇంతకంటే బాగా తెలుసు. రెండేళ్ల కిందట పిచ్చుక అకౌంట్స్ కోర్సులో చేరి మొదటి విడతలో రెండు పేపర్లు తప్పింది. ఆ తర్వాత నెల రోజులు గోడవైపు తిరిగి పడుకుంది. తినమంటే తినేది, లేవమంటే లేచేది, పిలిస్తే పలికేది. అంతే. పిచ్చుక ఎగరడం మానేసిన ఆ నెలని ఆయన మళ్లీ చూడలేరు.

పిల్ల స్నానానికి వెళ్లింది. బల్ల మీద దాని నోటు పుస్తకం ఉంది. మాస్టారు అటు చూశారు. ఇటు చూశారు. తెరిచారు.

ప్రతి పేజీలోనూ వరసగా అంకెలు, పక్కన తప్పులు. "వాన పైకి కురుస్తోంది." "తాత గోడలోంచి నడుస్తున్నాడు." "గొడుగు రెండయింది." "ఆట మొదలవకుండానే ముగిసింది." ఒక్కోదాని పక్కన ఎర్ర సిరాతో టిక్కు. పేజీ తిప్పితే టిక్కులు, మళ్లీ తిప్పితే టిక్కులు. నాలుగు వాక్యాలకి తప్ప ప్రతి వాక్యానికీ టిక్కు.

పదిహేనుకే టెస్టు ఆపే మనిషి. ఆయన పుస్తకం మూసేసి, దాన్ని ఉన్నచోట ఉన్నట్టే పెట్టి, బయటికి వచ్చారు. ఒక బుగ్గ మీద నురగ ఎండిపోయింది.

* * *

ఆ రోజు ఎనిమిదింటికి పూలకొట్టావిడ పాఠం. నాలుగేళ్లుగా నేర్చుకుంటోంది. పూలు అమ్ముతుంది గానీ మాట మాత్రం ముల్లే.

"మాస్టారూ, ఈసారైనా నా టెస్టు ఉంటుందా, లేక మా మనవరాలితో కలిసి వెళ్లాలా?"

"మలుపు చూసి తిప్పమ్మా."

"చూసే తిప్పుతున్నా. మీరే ఇవాళ రోడ్డు చూడట్లేదు."

నిజమే. ఆయనకి రోడ్డు మీద వాన పైకి కురుస్తున్నట్టూ, ఒక తాత గోడలోంచి నడుస్తున్నట్టూ కనిపిస్తోంది. శుక్రవారం హాల్లో పెద్ద తెర, తెర నిండా తప్పులు, నవ్వే జనం, మధ్యలో పిచ్చుక. ఆ తర్వాత గోడవైపు తిరిగిన వీపు.

మంగళవారం పదింటికీ పదకొండింటికీ మధ్య పాఠం లేదు. కారు దానంతటదే ఇన్‌స్టిట్యూట్‌ వైపు తిరిగింది.

ఆఫీసు గుమస్తా లేచి నిలబడ్డాడు. ఆరేళ్ల కిందట ఆయన దగ్గరే నేర్చుకున్నాడు.

"మాస్టారూ! మీరేంటి ఇలా?"

"మా అమ్మాయి పేరు శుక్రవారం జాబితాలో ఉంది. దాన్ని వచ్చే ఏడాదికి జరపాలి."

"అదేంటండీ! అమ్మాయి బాగానే చేస్తోందే. అయినా తను రాసివ్వాలి కదా."

"ఒంట్లో బాగాలేదు. జ్వరం."

అన్నాక ఆయనకే నోరు చేదెక్కింది. పాతికేళ్లలో అబద్ధం ఆడింది ఎప్పుడో గుర్తులేదు. ఇది ఎంత తేలిగ్గా వచ్చిందంటే, న్యూట్రల్‌లో ఉన్న బండి పల్లంలో జారినట్టు.

"అయ్యో. మీరు చెప్పాక ఇంకేముంది" అని గుమస్తా అమ్మాయి పేరు మీద గీత కొట్టాడు. "కాగితం తర్వాత పంపించండి. పోయినేడాది మిగిలిపోయినవాళ్లు ఇద్దరు ఎదురు చూస్తున్నారు, వాళ్లలో ఒకరికి సమయం ఇచ్చేస్తా."

గీత చాలా తిన్నగా వచ్చింది. మాస్టారు దాన్ని చూసి, తను చేసింది మంచి పనేనని తనకి తాను మూడుసార్లు చెప్పుకున్నారు. మంచి పనైతే మూడుసార్లు ఎందుకు చెప్పుకోవాల్సి వచ్చిందో మాత్రం ఆలోచించలేదు.

ఇంట్లో చెప్పాలి. సాయంత్రం చెబుదామనుకున్నారు. పిల్ల "నాన్నా, వాన చప్పుడు పెట్టాను, విను" అని చెవికి హెడ్‌ఫోన్ తగిలించింది. రేకు మీద చినుకులు పడుతున్న చప్పుడు. నిజం వానలానే ఉంది. "బాగుంది" అన్నారు. చెప్పలేదు. బుధవారం చెబుదామనుకున్నారు. పిల్ల చెప్పులు కుట్టించుకొచ్చింది, శుక్రవారం వేసుకోవడానికి. చెప్పులు చూశాక చెప్పే ధైర్యం పోయింది. అన్నం తింటుంటే పొలమారింది. "ఎవరో తలుచుకుంటున్నారు" అంది నానమ్మ. ఎవరూ తలుచుకోవడం లేదు, ఆయనే తలుచుకుంటున్నారు, గుమస్తా గీసిన గీతని.

* * *

గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి తలుపు తోసుకుని పిచ్చుక వచ్చింది. ఎగరలేదు. నడిచి వచ్చింది. చెప్పులు విడిచి, సంచి కుర్చీలో పెట్టి, గది మధ్యలో నిలబడింది.

కుట్టుమిషను ఆగింది. మాస్టారు పాఠాల కార్డులు సర్దుకుంటున్నారు.

"నోటీసు బోర్డు మీద నా పేరు లేదు" అంది.

"అచ్చుతప్పయి ఉంటుందే" అంది వాళ్లమ్మ. "వెళ్లి అడగకపోయావా?"

"అడిగానమ్మా. ఒంట్లో ఎలా ఉంది, జ్వరం తగ్గిందా అని అడిగారు వాళ్లు నన్ను." పిల్ల తండ్రి వైపు తిరిగింది. "నాకు జ్వరం ఎప్పుడొచ్చింది నాన్నా?"

మాస్టారి చేతిలో కార్డులు పేకముక్కల్లా జారాయి.

"కూర్చోమ్మా. చెప్తాను."

"నిలబడే వింటాను."

"నీ మంచికే..."

"అది కాదు. ఎందుకు తీసేయించావో చెప్పు."

"నూట నలభై మూడు తప్పులే! నేను చూశాను, నీ పుస్తకం. పేజీ పేజీకీ ఎర్ర టిక్కులే. నా దగ్గర పదిహేను టిక్కులున్న మనిషి రోడ్డెక్కడు. నువ్వు అన్ని తప్పులతో అంతమంది ముందుకెళ్తే... వాళ్లు నవ్వితే... వద్దమ్మా. వచ్చే ఏడాది నిదానంగా వెళ్లొచ్చు. ఒక ఏడాది ఏం పోయింది?"

పిచ్చుక సంచిలోంచి పుస్తకం తీసి, ఆయన ముందు తెరిచి పెట్టింది. గొంతు పెంచలేదు. అదే మాస్టారిని ఎక్కువ భయపెట్టింది.

"టిక్కంటే తప్పు కాదు నాన్నా. తప్పు సరిదిద్దేశానని. నూట నలభై మూడు దొరికాయి, నూట ముప్పై తొమ్మిది పోయాయి. టిక్కు లేనివి నాలుగే మిగిలాయి. ఈ పుస్తకానికి విడిగా మార్కులుంటాయి. ఎన్ని తప్పులు పట్టుకుంటే అంత మంచిది. ఇరవై మాత్రమే పట్టుకున్నవాణ్ణి మా మేడమ్ లేపి నిలబెట్టి, మిగతావి ఎక్కడ దాచావురా అని అడిగింది."

"మరి... మరి ఆ మాట నాకెవరు చెప్పారు?"

"నువ్వు అడిగావా?"

కుర్చీలోంచి నానమ్మ అందుకుంది. "అడిగితే చెప్పేది కదరా. నాకు వినపడదు గనక అడుగుతూనే ఉంటాను. నీకు వినపడుతుంది గదా, నీకేం వచ్చింది?"

"అమ్మా, నువ్వుండు."

"ఆవిడెందుకుండాలి?" అంది ఇల్లాలు. మెడలో టేపు తీసి మిషను మీద పడేసింది. "నేను జాకెట్టు కుట్టేటప్పుడు ముందు వదులుగా కుట్టి తొడిగి చూస్తాను. ఎక్కడ పట్టేస్తోందో తెలిస్తే విప్పి మళ్లీ కుడతాను. అలా విప్పిన దారమంతా పోగేస్తే ఈ గది నిండుతుంది. అన్ని తప్పులు చేశావని నన్ను మిషను మీంచి దింపేస్తారా? మీ దగ్గర ఎవరూ ఫెయిల్ కాలేదని అద్దం మీద రాయించుకున్నారు గానీ, మీరు పంపిస్తేగా ఫెయిలవడానికి!"

ఆ మాట సూదిలా దిగింది. మాస్టారు తట్టుకోలేక చివరి మాట అనేశారు. "దాన్ని మళ్లీ ఆ గోడవైపు చూడలేనే! రెండు పేపర్లు పోతేనే నెల రోజులు శవంలా పడుకుంది. నువ్వు చూడలేదా? నేను చూశాను. రోజూ తలుపు సందులోంచి చూశాను."

పిచ్చుక కళ్లలో మొదటిసారి నీళ్లు తిరిగాయి.

"నేను పేపర్లు పోయాయని పడుకున్నాననుకున్నావా?"

"మరి?"

"పోయినవి మళ్లీ రాయడానికి ఫీజు కట్టి వచ్చాను నాన్నా. చదువుకుంటున్నాను. నువ్వెళ్లి కోర్సే మాన్పించేశావు. 'చాలమ్మా, ఈ ఒత్తిడి నీకొద్దు' అన్నావు. ఎంతో ప్రేమగా అన్నావు. నాకేమనిపించిందో తెలుసా? మా నాన్నే నా వల్ల కాదనుకుంటే, ఇంక నేనెందుకు లేవాలి అనిపించింది. అందుకు పడుకున్నాను."

ఎప్పుడూ పాఠం చెప్పే మనిషి, పాఠం వినేటప్పుడు ఎలా కూర్చోవాలో తెలియక లేచి నిలబడ్డారు. మళ్లీ కూర్చున్నారు. రెండేళ్లుగా తన కూతుర్ని ఏదో కూల్చిందని, దాన్ని మళ్లీ దగ్గరికి రానివ్వకూడదని కాపలా కాస్తున్నారు. ఆ ఏదో తనేనట.

"రేపు పదకొండున్నర నాదిగా ఉండేది" అంది పిచ్చుక. "ఇప్పుడు వేరేవాళ్లది."

గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. లోపల మంచం చప్పుడు కోసం ఆయన చెవులు రిక్కించారు. మంచం చప్పుడు కాలేదు. కాసేపటికి మీటల చప్పుడు వినిపించింది. టకటకా, ఆగకుండా. పేరు లేకపోయినా పిల్ల పని ఆపలేదు.

మాస్టారు తాళాలు తీసుకున్నారు.

* * *

కోర్సు నడిపే మేడమ్ హాల్లో వైర్ల మధ్య వంగి ఉంది. ఆయన చెప్పిందంతా విని నడుం పట్టుకుని నిటారుగా లేచింది.

"జాబితా పరీక్షకులకి వెళ్లిపోయిందండీ. సమయాలన్నీ నిండిపోయాయి. అందరివీ అయ్యాక ఎనిమిది నిమిషాలు మిగిలితే అమ్మాయి చూపించవచ్చు. కానీ ఆ మార్కులు లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది వాళ్ల చేతిలో ఉంది. ఒకసారి తప్పుకున్న మనిషి మళ్లీ ఎందుకు వచ్చిందో వాళ్లు అడుగుతారు."

"అడిగితే?"

"ఒంట్లో బాగాలేదన్న కాగితం చూపించాలి."

"అది అబద్ధం మేడమ్."

"తెలుసు. నిన్న మీ అమ్మాయి మెట్లు మూడేసి చొప్పున ఎక్కింది."

ఇంటికొచ్చి మూసిన తలుపు దగ్గర నిలబడి, "రేపు అందరి తర్వాత నీకు ఎనిమిది నిమిషాలు ఇస్తారట" అన్నారు. లోపల మీటలు ఒక్క క్షణం ఆగాయి. "సరే" అని వినిపించింది. మళ్లీ టకటకా.

* * *

శుక్రవారం హాలు కిటకిటలాడింది. చదివేవాళ్లు, వాళ్ల తల్లిదండ్రులు, ముందు వరసలో ఇద్దరు పరీక్షకులు. ఒకాయన పెద్దవాడు, ఒక కళ్లజోడు ముక్కు మీద, ఇంకోటి నెత్తి మీద. పక్కనున్న ఆవిడ వయసులో చిన్నది, ఆటలు తయారు చేసే కంపెనీలో పనిచేస్తుందట. మాస్టారి కుటుంబం ఐదో వరసలో కూర్చుంది. పిచ్చుక ఇంకా తండ్రితో సరిగ్గా మాట్లాడటం లేదు. కాఫీ ఇస్తే తీసుకుంది, అంతవరకే.

పదకొండున్నరకి, తన సమయానికి, వేరే కుర్రాడు వేదిక ఎక్కాడు. పిచ్చుక చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు మాస్టారి చెంపలకి తగిలాయి.

ఒంటిగంట దాటాక మేడమ్ సైగ చేసింది.

తెర మీద వీధి వెలిగింది. వాన మొదలైంది. చిన్నావిడ వేదిక మీదికి వెళ్లి ఆడటానికి కూర్చుంది. ఎలా ఆడాలో పిచ్చుక ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పకూడదట, ఆడేవాళ్లే తెలుసుకోవాలట. ఆవిడ గొడుగుని ఎడమకి జరిపింది. తాత తడవకుండా దాటాడు. సంచీ మోస్తున్న ఆవిడ కొంచెం తడిసింది. హాల్లో ఎవరో "అయ్యో" అన్నారు. ఇంకెవరో "అటు, అటు జరపండి!" అన్నారు. జనం ముందుకి వంగి చూస్తున్నారు. మాస్టారు ఊపిరి వదిలారు.

అప్పుడు తెర బిగుసుకుపోయింది.

వాన చినుకులు గాల్లో నిలబడ్డాయి. గొడుగు కదలదు. మనుషులు ఒంటికాలి మీద ఆగిపోయారు. ఒక సెకను. రెండు. వెనక వరసలో కిసుక్కుమని ఎవరో నవ్వారు.

మాస్టారు సగం లేచారు. వెళ్లి ఏం చేస్తారో ఆయనకే తెలియదు. తెరకి అడ్డం నిలబడాలనో, దీపాలు ఆర్పేయాలనో. ఇల్లాలు చొక్కా పట్టుకుని కిందికి లాగింది. "కూర్చోండి. దాని మొహం చూడండి."

చూశారు. పిచ్చుక మొహంలో భయం లేదు. తల కొంచెం పక్కకి వంచింది, కొత్త వస్తువుని చూసినట్టు.

"ఇది నేనింతవరకూ చూడనిది" అంది మైకులో. "మీరు గొడుగుని వీధి చివర దాటించారు కదా మేడమ్. అక్కడికి తీసుకెళ్తారని నేను అనుకోలేదు. గొడుగు కింద ఎవరున్నారో లెక్కపెట్టమన్నాను, అక్కడ ఎవరూ ఉండరు. లేనివాళ్ల కోసం వెతుకుతూ ఉండిపోయింది. ఒక్క నిమిషం ఇస్తారా?"

కూర్చుని, ఏదో తెరిచి, ఒక వాక్యం చేర్చింది. నలభై సెకన్లు పట్టిందేమో. మాస్టారి జీవితంలో అంత పొడుగు నలభై లేవు. మళ్లీ వాన పడింది. గొడుగు వీధి చివరికి వెళ్లి, ఎవరూ లేరని చూసుకుని, బుద్ధిగా తిరిగి వచ్చింది. నవ్విన వెనక వరసే ముందుగా చప్పట్లు కొట్టింది.

పెద్దాయన చప్పట్లు ఆగేదాకా ఆగి, నెత్తి మీది కళ్లజోడు దించుకుని కాగితం చూశాడు.

"బాగుందమ్మా. కానీ జాబితాలో మీ పేరు కొట్టేసి ఉంది. తప్పుకుంటున్నామని మంగళవారమే చెప్పారు. కారణం సరైనదైతే తప్ప ఈ మార్కులు లెక్కలోకి తీసుకోలేం. ఎందుకు తప్పుకున్నారు?"

పిచ్చుక మైకు పట్టుకుని నిలబడింది. ఐదో వరస వైపు ఒక్కసారి చూసి, చూపు దించేసుకుంది.

"ఒంట్లో... ఒంట్లో బాగాలేక..."

తన కోసం కూతురు అబద్ధం ఆడుతోంది. ఇంతమంది ముందు, సీటు పోయే చోట, తండ్రి పరువు కాపాడుతోంది. ఈసారి ఇల్లాలు చొక్కా పట్టుకోలేదు.

"కాదండీ!" మాస్టారు లేచి నిలబడ్డారు. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. హాలంతా వెనక్కి తిరిగింది. "అమ్మాయికి ఏ జబ్బూ లేదు. నేను దాని తండ్రిని. డ్రైవింగ్ నేర్పుతాను. పేరు కొట్టించింది నేను. తనకి తెలియదు."

"ఎందుకండీ?" అంది చిన్నావిడ.

"తప్పులు పట్టుకునే పుస్తకం ఉంటుంది కదండీ, దానిది చూశాను. నా దగ్గర నేర్చుకునేవాళ్లు తప్పు చేస్తే కార్డు మీద ఎర్ర టిక్కు పెడతాను. మా అమ్మాయి తప్పు సరిదిద్దితే టిక్కు పెడుతుంది. అది నాకు తెలియదు. అది దిద్దుకున్నవన్నీ నేను చేసిన తప్పులుగా... కాదు, అది చేసిన తప్పులుగా లెక్కేశాను. దానికేమీ రాదనుకున్నాను. అడగలేదు. ఒంట్లో బాగాలేదని మీ ఆఫీసులో అబద్ధం చెప్పాను. గుమస్తాగారి తప్పేం లేదు, నా మాట నమ్మాడు పాపం."

గుమస్తా తలుపు దగ్గర తల గోక్కున్నాడు. హాల్లో అక్కడక్కడ నవ్వులు లేచాయి, చెడ్డ నవ్వులు కావు. మాస్టారు ఆపలేదు. ఆపితే మళ్లీ మొదలుపెట్టలేరు.

"అదొక్కటే కాదండీ. రెండేళ్ల కిందట కూడా ఇలాగే ఒక కోర్సు మాన్పించాను. పడిపోతుందని భయం. ఇందాక ఆ తెర ఆగిపోయినప్పుడు నా ప్రాణం పోయింది. అది మాత్రం తొణకలేదు. ఇంతకాలం దాని భయం అనుకున్నదంతా నా భయమేనండీ."

ఇల్లాలు కొంగు కళ్లకి అద్దుకుంది. నానమ్మ "గట్టిగానే చెప్పాడు, అంతా వినపడింది" అని పక్కావిడతో అంది.

పెద్దాయన చిన్నావిడ చెవిలో ఏదో అన్నాడు. ఆవిడ తలూపింది. మేడమ్ కూడా తలూపింది.

"అయితే ఒంట్లో బాగాలేనిది అమ్మాయికి కాదన్నమాట" అన్నాడు పెద్దాయన.

"కాదండీ. నాకే."

"మార్కులు అందరితో పాటే లెక్కలోకి వస్తాయి." ఆయన గుమస్తాని పిలిచి కాగితం చేతికిచ్చాడు. చిన్నావిడ పిచ్చుక వైపు వంగి, "ఫలితం నేను ముందే చెప్పకూడదు గానీ, వచ్చే ఏడాదికి బస్సు పాసు తీసుకోమ్మా" అంది మైకు ఇంకా పనిచేస్తోందని మరిచిపోయి.

చప్పట్ల మధ్య గుమస్తా జాబితా మీద గీత తుడవలేక, పక్కన మళ్లీ పేరు రాసి, పెన్ను పట్టుకుని నిలబడ్డాడు.

"సార్, తప్పుకోవడానికి కారణం అని ఇక్కడొక గడి ఉంది. జ్వరం అని రాసి ఉంది. ఇప్పుడేం రాయమంటారు?"

పెద్దాయన ఆలోచించాడు.

"'తండ్రి' అని రాయండి."

హాలు గొల్లుమంది. మాస్టారు తల దించుకున్నారు. వేదిక మీంచి మైకులో ముక్కు ఎగబీల్చిన చప్పుడు, దాని వెనకే తడిసిన నవ్వు వినిపించాయి.

"'మా నాన్న' అని రాయండి సార్" అంది పిచ్చుక.